చూపు అందరిదీ, చెయ్యి ఎల్‌సీ ఉన్నవారిదే

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో ట్రాన్స్‌ఫార్మర్లు, హైటెన్షన్ లైన్ల దగ్గర చేయవలసినవి - చేయకూడనివి

జగిత్యాల, కోరుట్ల చుట్టూ ఎస్సారెస్పీ కాలువ నీళ్లకు తోడు బోర్లు, బావుల మోటార్లు నడిస్తేనే వరి, పసుపు, మక్క చేతికొస్తాయి. సిరిసిల్లలో కరెంటు ఉంటేనే సాంచాలు (మరమగ్గాలు) ఆడతాయి. ఈ మూడు చోట్లా బతుకుదెరువు గద్దె మీదున్న ట్రాన్స్‌ఫార్మర్‌తో ముడిపడి ఉంది. అది కాలిపోతే మడి ఎండుతుంది, కార్మికుడి ఆ పూట కూలి పోతుంది. ఆ తొందరలోనే ఎవరో ఒకరు ‘ఫ్యూజే కదా, వేసేద్దాం’ అని గద్దె ఎక్కుతారు. ప్రాణాలు పోయేది అక్కడే.

హైవోల్టేజీ పరికరం ఏ సూచనా లేకుండా కాలిపోవడం తక్కువ. చాలాసార్లు రోజుల ముందు నుంచే గుర్తులు చూపిస్తుంది. ఆయిల్ కారుతుంది, మోత మారుతుంది, చీకటి పడ్డాక జంపర్ దగ్గర నిప్పురవ్వలు కనబడతాయి. ఈ గుర్తులు పట్టడానికి లైసెన్సు అక్కర్లేదు. రోజూ ఆ దారిన నడిచే రైతుకు, ఆ పక్కనే కార్ఖానా ఉన్న ఆసామికి లైన్‌మన్ కంటే ముందే కనబడతాయి. కాబట్టి చూడటం, చూసింది చెప్పడం అందరి పని. ముట్టుకోవడం మాత్రం లైన్‌క్లియర్, అంటే లైను ఆపి పని చేసుకోమని ఇచ్చే, అందరూ ఎల్‌సీ అని పిలిచే అనుమతి, చేతిలో ఉన్నవారి పని. ఈ హద్దు చెరిగినప్పుడల్లా ప్రమాదమే. కింద చెప్పేవన్నీ ఆ హద్దును కాపాడే జాగ్రత్తలే.

కరెంటు మన దాకా వచ్చే దారి

జగిత్యాల, కోరుట్లలకు సరఫరా చేసేది హనుమకొండ కేంద్రంగా ఉన్న విద్యుత్ పంపిణీ సంస్థ ఎన్పీడీసీఎల్. సిరిసిల్లలో ఆ పని చేసేది వినియోగదారులే సభ్యులుగా ఉన్న సహకార సంఘం, సెస్. గ్రామీణ విద్యుదీకరణ సంస్థ దేశంలో మొదట నిలబెట్టిన ఐదు విద్యుత్ సహకార సంఘాల్లో 1970లో మొదలైన సిరిసిల్ల సెస్ ఒకటి. సంస్థలు వేరైనా తీగలో పారేది ఒకటే. 33 కేవీలో వచ్చిన కరెంటు మండల సబ్‌స్టేషన్‌లో 11 కేవీకి దిగుతుంది. ఊరి ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని 433 వోల్టులకు దించి మోటార్లకు, సాంచాలకు, ఇళ్లకు ఇస్తుంది.

గద్దె మీద పై నుంచి కిందికి చూస్తే ముందు లైనును విడదీసే ఏబీ (ఎయిర్ బ్రేక్) స్విచ్, తర్వాత హెచ్‌జీ (హార్న్ గ్యాప్) ఫ్యూజులు, పిడుగును భూమిలోకి పంపే లైట్నింగ్ అరెస్టర్లు, ఆ తర్వాత ట్రాన్స్‌ఫార్మర్, కింద ఎల్‌టీ ఫ్యూజుల డబ్బా ఉంటాయి. ఏబీ స్విచ్ దించినా దానికి పైనున్న తీగల్లో 11,000 వోల్టులు అట్లాగే ఉంటాయి. ‘హ్యాండిల్ దించాం, ఇక భయం లేదు’ అనుకోవడం ఎంతమాత్రం తగదు. 11 కేవీ తీగను ముట్టుకోవాల్సిన పని కూడా లేదు. బాగా దగ్గరికి పోతే చాలు, గాలిలోంచే దూకుతుంది.

దూరం నుంచి చూసి చెప్పవలసిన గుర్తులు

అన్నిటికంటే ముందుగా నేర్చుకోవలసింది బ్రీదర్‌ను చూడటం. 63, 100 కేవీఏ వంటి ట్రాన్స్‌ఫార్మర్లకు పైన అడ్డంగా ఒక చిన్న ఆయిల్ ట్యాంకు, దాని నుంచి కిందికి దిగిన గొట్టం, ఆ గొట్టం చివర ఒక సీసా ఉంటాయి. ఆ సీసాయే బ్రీదర్. పగలు లోడు మీద ఆయిల్ వేడెక్కి ఉబ్బితే లోపలి గాలి బయటికి పోతుంది. రాత్రి చల్లబడ్డాక బయటి గాలి లోపలికి వస్తుంది. వచ్చే గాలిలోని తేమను సీసాలోని సిలికాజెల్ గుళికలు పీల్చుకుంటాయి. పొడిగా ఉన్నప్పుడు అవి నీలంగా ఉంటాయి, తేమతో నిండితే గులాబీ రంగుకు తిరుగుతాయి. కొన్నిచోట్ల నారింజ రంగు గుళికలు వాడతారు, అవి తేమకు ఆకుపచ్చ వైపు మారతాయి. సీసా పగిలినా, గుళికలు రంగు మారినా ఇక తేమ నేరుగా ఆయిల్‌లోకి దిగుతుంది. ఆయిల్‌కు కరెంటును ఆపే శక్తి తగ్గి లోపలి చుట్ల మధ్య మెరుపు పడుతుంది. గుప్పెడు గుళికలు సకాలంలో మార్చకపోవడం వల్ల లక్షల విలువైన ట్రాన్స్‌ఫార్మర్ మూలన పడుతుంది.

దూరంగా నిలబడి చూడదగ్గవి ఇంకా ఉన్నాయి:

- ఆయిల్ మట్టం, కారడం: గేజీలో ఆయిల్ గీత కంటే దిగిందా? తీగలు లోపలికి దిగే బుషింగుల మొదట్లో, వాల్వు దగ్గర, గద్దె మీద ఆయిల్ మరకలు ఉన్నాయా? ఆయిల్ తగ్గితే చుట్లు చల్లబడవు.
- పింగాణీ: బుషింగులు, ఇన్సులేటర్లు చిట్లాయా? నల్లటి కాలిన చార ఉందా? ఆ చార అంటే దాని మీదుగా ఒకసారి కరెంటు పాకినట్టే.
- మోత: ట్రాన్స్‌ఫార్మర్‌కు నిలకడైన హోరు ఉంటుంది. చిటపటలు, లోపల కొట్టుకున్నట్టు చప్పుడు, ఉన్నట్టుండి పెరిగిన మోత మామూలువి కావు.
- రాత్రి వెలుగు: జంపర్ల దగ్గర ఎర్రగా కాగడం, నిప్పురవ్వలు రాలడం వదులైన కనెక్షన్‌కు గుర్తు.
- తీగలు, స్తంభాలు: చేతికందేలా వేలాడే తీగ, ఒరిగిన స్తంభం, తెగిన స్టే వైరు, లైను మీద వాలిన చెట్టు కొమ్మ.
- ఎర్త్ తీగ: గద్దె నుంచి భూమిలోకి దిగే పట్టీ తెగిందా? ఎవరైనా కోసుకుపోయారా? రాగి, ఆయిల్ కోసం ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టే దొంగలున్నారు. రాత్రిపూట గద్దె దగ్గర అనుమానంగా ఎవరైనా కనబడితే పోలీసులకు చెప్పండి, మీరు ఎదురుపోకండి.

చెప్పేటప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసిన నంబరు, కనబడిన గుర్తు, ఎప్పటి నుంచి అన్నది, ఈ మూడూ చెబితే లైన్‌మన్ సరైన సామాను వెంట తెచ్చుకుంటాడు. “అన్నా, చెరువు కింది ఎస్‌ఎస్ 14 కాడ బ్రీదర్ గులాబీ రంగుకొచ్చింది. నడిమి బుషింగ్ కాడ నిన్నటి సంది ఆయిల్ కారుతుంది. కరెంటైతే వస్తనే ఉంది.” ఇంత చెబితే చాలు. జగిత్యాల, కోరుట్లల వారు 1912కు ఫోన్ చేయవచ్చు. సిరిసిల్ల వారు తమ సెస్ సబ్‌స్టేషన్ నంబరును స్టార్టర్ డబ్బా మూత మీద రాసిపెట్టుకోవాలి.

రైతులు చేయవలసినవి

- ఫ్యూజు పోతే లైన్‌మన్‌కు చెప్పండి. ఆలస్యమైతే సెక్షన్ అసిస్టెంట్ ఇంజనీరుకు (ఏఈ) చెప్పండి. అడగడం మీ హక్కు.
- ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎన్ని మోటార్లున్నాయో లెక్క పెట్టుకోండి. హెచ్‌పీకి ఒక కేవీఏ అనుకున్నా 100 కేవీఏ మీద 5 హెచ్‌పీ మోటార్లు 20కి మించకూడదు. మించితే అందరూ కలిసి అదనపు ట్రాన్స్‌ఫార్మర్ కోసం దరఖాస్తు పెట్టుకోండి. లెక్కలోకి రాని కనెక్షన్లుంటే సంస్థ పుస్తకంలో లోడు తక్కువగానే కనబడుతుంది, కొత్త ట్రాన్స్‌ఫార్మర్ రాదు.
- మోటారుకు తగిన కెపాసిటర్ బిగించుకోండి. 5 హెచ్‌పీకి 2 కేవీఏఆర్ సరిపోతుంది. వృథాగా పారే కరెంటు తగ్గి తీగలు, ట్రాన్స్‌ఫార్మర్ చల్లగా ఉంటాయి.
- మోటారుకు, ఇనుప స్టార్టర్ డబ్బాకు ఎర్తింగ్ పెట్టించండి. ఎండకాలంలో ఎర్త్ గుంతలో నీళ్లు పోయండి. ఎండిన నేల కరెంటును లోపలికి తీసుకోదు. అది తీసుకోకపోతే డబ్బా ముట్టుకున్న మనిషి ఒంట్లోంచి పారుతుంది.
- స్టార్టర్ ముందు ఎండిన చెక్కపీట వేసుకుని, కాళ్లకు చెప్పులతో, తడి లేని చేతితోనే స్విచ్ వేయండి.

రైతులు చేయకూడనివి

- గద్దె ఎక్కకండి. ఏబీ స్విచ్ హ్యాండిల్ కూడా మీరు లాగకండి. మూడు బ్లేడ్లలో ఒకటి ఇరుక్కుని తెరుచుకోకపోతే కింద నుంచి తెలియదు. రెండు తీగలు చల్లబడి మూడోది మీ కోసం కాచుకుని ఉంటుంది.
- ఫ్యూజు తీగకు బదులు అల్యూమినియం పోగులు మెలిపెట్టి కట్టకండి. ఫ్యూజు ఉన్నదే కాలిపోవడానికి. లావు తీగ కట్టి దాన్ని కాలనీయకపోతే లోపలి చుట్లు కాలతాయి.
- ఆటో స్టార్టర్లు వాడకండి. రాత్రి పూట వంతుల వారీగా కరెంటు వచ్చే రోజుల్లో నిద్ర చెడకుండా అవి పెట్టుకున్నాం. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల సరఫరా వచ్చాక ఆ అవసరం పోయింది. మోటారు లేచేటప్పుడు మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. కరెంటు పోయి రాగానే మోటార్లన్నీ ఒక్కసారే లేస్తే ఆ దెబ్బ ట్రాన్స్‌ఫార్మర్ చుట్ల మీద పడుతుంది.
- అడవి పందుల కోసం చేను చుట్టూ కరెంటు తీగ పెట్టకండి. దానికి చిక్కేది పంది ఒక్కటే కాదు. పక్క చేను రైతు, పొద్దున్నే గడ్డికి పోయిన మనిషి, ఒక్కోసారి పెట్టినవారే చనిపోతున్నారు. అది నేరం కూడా.
- తీగల కింద వరికోత మిషన్ గొట్టం పైకి లేపకండి, టిప్పర్ లేపకండి, బోరు పైపులు నిలబెట్టకండి. మామిడి తోటలో లైను పక్క చెట్టుకు ఇనుప కొక్కెం కట్టిన పొడుగు కట్టెతో కాయలు కోయకండి. పచ్చి కట్టె, తడి కట్టె కరెంటును ఆపవు.
- స్తంభానికి, స్టే వైరుకు పశువులను కట్టకండి. వాటికి దండెం తీగ కట్టి బట్టలు ఆరేయకండి.

సాంచాల కార్ఖానాలు, రైసుమిల్లులు

సిరిసిల్ల కార్ఖానాల్లో మొదటి శత్రువు నూలు నుసి. సాంచాల నుంచి లేచిన నుసి మోటార్ల మీద, స్విచ్‌బోర్డుల్లో, తీగల కీళ్ల దగ్గర పేరుకుంటుంది. కీలు వదులై వేడెక్కిన చోట ఆ నుసి అంటుకుంటుంది. కాబట్టి బోర్డును వారం వారం శుభ్రం చేయించాలి, అదీ మెయిన్ ఆపిన తర్వాతే. బట్టతో దులపడం, నోటితో ఊదడం కాకుండా వ్యాక్యూమ్‌తో లాగేయడం మంచిది. కాగిన వాసన, రంగు మారిన తీగ తొడుగు, నల్లబడ్డ స్విచ్ కనబడితే ఆ సాంచను ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. సేట్లు, ఆసాములు దీన్ని ఖర్చుగా చూడకూడదు. మనుషుల మీదికి కరెంటు పారగానే సరఫరా తెంపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించినా ఆ ఖర్చు ఒక ప్రాణం ముందు లెక్కలోకి రాదు.

తంగళ్లపల్లి టెక్స్‌టైల్ పార్కు వంటి చోట, జగిత్యాల వైపు పెద్ద రైసుమిల్లుల్లో సొంత హెచ్‌టీ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే దాని మంచిచెడ్డలు యజమానివే.

చేయవలసినవి:

- ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ కంచె, తాళం, ప్రమాద సూచిక బోర్డు ఉంచాలి. లోపల గడ్డి మొలవనీయకూడదు.
- ఆయిల్ పరీక్ష, ఇన్సులేషన్ బలం చూసే మెగ్గర్ పరీక్ష, ఎర్త్ రెసిస్టెన్స్ పరీక్ష ఏటా చేయించి పుస్తకంలో రాయించాలి. ఒక్క ఏడాది అంకె కంటే నాలుగేళ్ల అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తేనే నిజం తెలుస్తుంది.
- జనరేటర్ ఉంటే చేంజోవర్ స్విచ్ తప్పనిసరి. అది లేకుండా జనరేటర్ వేస్తే మీ ట్రాన్స్‌ఫార్మర్ వెనక్కి పనిచేసి బయటి లైనుకు 11 కేవీ ఎక్కిస్తుంది. ఎల్‌సీ తీసుకుని స్తంభం మీద పని చేస్తున్న లైన్‌మన్‌కు ఆ సంగతి తెలియదు.

చేయకూడనివి:

- ట్రాన్స్‌ఫార్మర్ గదిని ఊక బస్తాలకు, నూలు చుట్టిన భీములకు, డీజిల్ డబ్బాలకు గోదాముగా వాడకూడదు.
- కెపాసిటర్ ప్యానెల్‌ను ఆపిన వెంటనే ముట్టుకోకూడదు. ఆపాక కూడా అందులో చార్జీ నిలిచి ఉంటుంది. కనీసం ఐదు నిమిషాలు ఆగి, డిశ్చార్జ్ చేసి, ఆ తర్వాతే పని మొదలుపెట్టాలి.
- 2021 సెప్టెంబరులో సిరిసిల్ల పట్టణం నీట మునిగినట్టు మళ్లీ ఎప్పుడైనా షెడ్డులోకి నీళ్లొస్తే, ఆ నీళ్లలో నడిచిపోయి మెయిన్ ఆపాలని చూడకూడదు. సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి బయటి నుంచే ఆపించాలి. నీళ్లు దిగాక మోటార్లు ఆరబెట్టి, మెగ్గర్ చూడనిదే సరఫరా ఇవ్వకూడదు.

లైన్‌మన్లకు, ఆపరేటర్లకు: ఎల్‌సీలో ఒక్క మెట్టూ దాటవద్దు

మెట్లన్నీ మీకు తెలిసినవే. ప్రమాదాలు జరిగేది తెలియక కాదు, ‘రెండు నిమిషాల పనే కదా’ అని ఒక మెట్టు వదిలేసినప్పుడు.

1. ఫీడరు పేరు, పని చేసే చోటు స్పష్టంగా చెప్పి ఎల్‌సీ అడగండి. ఆపరేటర్ ఆ మాటలు తిరిగి చదివి వినిపించాలి. ఇద్దరూ టైము రాసుకోవాలి. దగ్గర దగ్గరి పేర్లున్న ఫీడర్లుంటే ఇంకోసారి అడగండి.
2. ఆపరేటర్ బ్రేకర్ ఆపి, ఐసోలేటర్ తెరిచి, తాళం వేసి, ‘మనుషులు పని చేస్తున్నారు’ బోర్డు తగిలించాలి. లోడు మీద ఐసోలేటర్‌గానీ ఏబీ స్విచ్‌గానీ తెరవకూడదు. అవి లోడు తెంపడానికి చేసినవి కావు, మంట లేచి మీ మీదికే వస్తుంది.
3. పని చేసే చోట ఏబీ స్విచ్ దించి, మూడు బ్లేడ్లూ పూర్తిగా తెరుచుకున్నాయో లేదో ఒక్కొక్కటీ కంటితో చూడండి.
4. డిటెక్టర్‌తో లైను చూడండి. డిటెక్టర్ పనిచేస్తోందో లేదో ముందుగా కరెంటున్న చోట చూసుకోండి. చెడిపోయిన డిటెక్టర్ ప్రతి లైనునూ చల్లగానే చూపిస్తుంది.
5. పనికి రెండు పక్కలా ఎర్త్ రాడ్లు వేయండి. ముందు భూమి కొస బిగించి, తర్వాతే తీగకు తగిలించాలి. తీసేటప్పుడు తీగ కొస ముందు, భూమి కొస చివర. ఏ జనరేటర్ వెనక్కి ఎక్కించినా, ఏ లైను మీద పడినా మిమ్మల్ని కాపాడేవి ఈ రెండు రాడ్లే.
6. హెల్మెట్, బెల్టు, వోల్టేజీకి తగిన గ్లవ్స్ వేసుకోండి. గ్లవ్‌లో గాలి పట్టి, అంచు చుట్టి నొక్కి చూడండి. సూదిమొన అంత రంధ్రం ఉన్నా పక్కన పెట్టేయండి.
7. పని అయ్యాక మనుషులను లెక్కపెట్టి, రాడ్లు తీసి, ఎవరు ఎల్‌సీ తీసుకున్నారో వారే తిరిగి ఇవ్వాలి.

‘పది నిమిషాలకు చార్జ్ చెయ్యి’ అని టైము చెప్పి ఎల్‌సీ తీసుకోవడం ఎంత మాత్రం కూడదు. స్తంభం మీద పని ఎప్పుడు తెములుతుందో గడియారానికి తెలియదు. ఒకే స్తంభం మీద రెండు ఫీడర్లున్నా, పైన 33 కేవీ దాటుతున్నా రెండింటికీ ఎల్‌సీ కావాలి. బయటి మనిషిని, ఊళ్లో పని తెలిసిన కుర్రవాణ్ణి స్తంభం ఎక్కించకండి. పై నుంచి ఎంత ఒత్తిడి వచ్చినా, రైతులు ఎంత తొందర పెట్టినా, ‘ఎల్‌సీ రానిదే ఎక్కను’ అనే లైన్‌మన్‌కు ఊరంతా మద్దతుగా నిలబడాలి.

సబ్‌స్టేషన్‌లో పరికరం నాడి పట్టడం

33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో పవర్ ట్రాన్స్‌ఫార్మర్ చెడితే ఎన్నో ఊళ్లు చీకట్లో పడతాయి. యాసంగి వరి చివరి తడులప్పుడూ, ఎండ 45 డిగ్రీలు దాటే మే నెలలోనూ దాని మీద భారం ఎక్కువ. చుట్ల మీది కాగితం ఒకసారి కాలి పెళుసెక్కితే మళ్లీ బాగుపడదు. చుట్లలో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటు 98 డిగ్రీలు దాటాక ప్రతి 6 డిగ్రీలకూ ఆ కాగితం ఆయుష్షు సగమవుతుందని అంతర్జాతీయ ప్రమాణాలు లెక్కగట్టాయి. కాబట్టి గంట గంటకూ రాసే ఉష్ణోగ్రత అంకెలను పుస్తకంలో గడి నింపడానికి కాకుండా నిజంగా చూసి రాయాలి.

- ఆయిల్ బలం: 2.5 మిల్లీమీటర్ల ఎడంలో ఆయిల్ ఎన్ని కేవీల దాకా తట్టుకుంటుందో చూస్తారు. వాడకంలో ఉన్న ఆయిల్ 30 కేవీ కంటే దిగితే వడపోయించాలి. నమూనా పట్టే సీసా తడి లేకుండా ఉండాలి, వానలో పట్టకూడదు.
- మెగ్గర్: పదో నిమిషం అంకెను మొదటి నిమిషం అంకెతో భాగించి చూడండి. 1 దగ్గరికి దిగిందంటే తేమ చేరినట్టే. వేడి పెరిగితే అంకె తగ్గుతుంది కాబట్టి ఆ రోజు ఉష్ణోగ్రత పక్కన రాయకపోతే నిరుటి అంకెతో పోల్చలేం.
- ఆయిల్‌లో కరిగిన వాయువులు: ఎసిటిలీన్ కనబడితే లోపల మెరుపులు పడుతున్నాయి. ఎథిలీన్ పెరిగితే ఎక్కడో ఆయిల్ బాగా కాగుతోంది. హైడ్రోజన్ పెరిగితే చిన్న చిన్న డిశ్చార్జీలు మొదలయ్యాయి. మూత విప్పకుండానే లోపలి జబ్బు తెలిపే పరీక్ష ఇది.
- బుఖోల్జ్ రిలే: లోపల వాయువు పుడితే పసిగట్టే, 1921లో జర్మనీలో పుట్టిన ఈ రిలే ఇప్పటికీ పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లకు కాపలాదారు. ఇది అలారం ఇస్తే, ట్రిప్ చేస్తే, రీసెట్ నొక్కి మళ్లీ చార్జ్ చేయకూడదు. చేరిన వాయువు ఏమిటో చూడాలి, పరీక్షలు జరగాలి, ఆ తర్వాతే సరఫరా.
- థర్మల్ కెమెరా: సాయంత్రం లోడు ఎక్కువగా ఉన్నప్పుడు జంపర్లు, క్లాంపులు, బుషింగ్ మొదళ్లు చూడాలి. మూడు ఫేజుల్లో ఒకటి మిగిలిన రెండింటికంటే వేడిగా ఉంటే ఆ క్లాంపు బిగించాల్సిందే.
- బ్యాటరీ: దీన్ని చాలామంది పట్టించుకోరు. రిలే పసిగట్టినా బ్రేకర్‌ను తెరిపించేది డీసీ బ్యాటరీయే. అది చచ్చిపోతే ఎక్కడో పొలంలో తెగిపడ్డ తీగ కరెంటుతోనే పడి ఉంటుంది. నీళ్ల మట్టం, సెల్ వోల్టేజీ, టెర్మినళ్ల తుప్పు తప్పకుండా చూడాలి.
- ఎర్తింగ్: ఎర్త్ గుంతల రెసిస్టెన్స్ ఎండకాలంలోనే కొలవాలి. వానాకాలపు మంచి అంకె చూసి సంబరపడితే మే నెలలో మోసపోతాం.

కరెంటు పారుతున్న సీటీ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) సెకండరీ తీగను ఎన్నడూ తెరవకండి. అక్కడ పుట్టే వోల్టేజీ ప్రాణం తీస్తుంది. మీటరు మార్చాలంటే ముందు ఆ రెండు కొసలనూ షార్ట్ చేయాలి.

తెగిన తీగ

గాలివానకు తీగ తెగిపడితే ‘కరెంటు పోయింది కదా’ అని దగ్గరికి పోకండి. ఎండిన నేల మీద పడ్డ తీగ నుంచి పారే కరెంటు తక్కువ కావడంతో బ్రేకర్ పడకపోవచ్చు. పడినా, లోపం చిన్నదేమోనని ఆపరేటర్ మళ్లీ ఒకసారి చార్జ్ చేసి చూస్తాడు. చల్లగా ఉన్న తీగ ఆ క్షణంలో వేడెక్కుతుంది.

కనీసం 10 మీటర్ల దూరంలో ఆగి, ఇతరులను, పశువులను ఆపి, సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేయండి. చుట్టూ నేలలో కూడా కరెంటు పరుచుకుని ఉంటుంది. ఒక కాలికీ ఇంకో కాలికీ మధ్య వోల్టేజీ తేడా వచ్చి మనిషి పడిపోతాడు. పొరపాటున అప్పటికే దగ్గరికి పోయి ఉంటే పెద్ద అంగలు వేయకుండా, రెండు పాదాలూ కలిపి నేల మీద జరుపుకుంటూ వెనక్కి రండి. ట్రాక్టరు మీద తీగ పడితే దిగకండి, లైను ఆపే దాకా సీట్లోనే కూర్చోండి. మంట లేచి దిగక తప్పకపోతే బండినీ నేలనూ ఒకేసారి తాకకుండా, రెండు కాళ్లూ కలిపి కిందికి దూకాలి.

ఇళ్లు, విగ్రహాలు, ఊరేగింపులు

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నియమాల ప్రకారం ఇంటికీ 11 కేవీ తీగకూ పక్కకు కనీసం 1.2 మీటర్లు, 33 కేవీ తీగకైతే 2 మీటర్లు ఎడం ఉండాలి. పైకి రెండింటికీ 3.7 మీటర్లు. మేడ మీద ఇంకో అంతస్తు వేసేముందు, డాబా మీద ఇనుప చువ్వలు లేపేముందు ఈ లెక్క చూసుకోండి. లైను అడ్డమైతే డబ్బు కట్టి మార్పించుకునే మార్గం ఉంది.

కోరుట్లలో ఒక ఏడాది జూన్‌లో జరిగింది మరవకూడదు. వినాయక విగ్రహాల తయారీ కేంద్రం దగ్గర విగ్రహాన్ని తరలిస్తుండగా పైనున్న కరెంటు తీగలకు తగిలి ఇద్దరు చనిపోయారు, మరికొందరు గాయపడ్డారు. అప్పటికి పండుగకు ఇంకా నెలలున్నాయి. అంటే జాగ్రత్త నిమజ్జనం రోజుకే కాదు, విగ్రహం తయారయ్యే షెడ్డు నుంచే మొదలుకావాలి.

- షెడ్డు హైటెన్షన్ లైను కింద వేయకండి. బండి మీద పెట్టాక విగ్రహం ఎత్తు ఎంతవుతుందో తయారీకి ముందే కొలుచుకోండి.
- ఊరేగింపు దారిని లైన్‌మన్‌తో కలిసి ముందురోజు నడిచి చూడండి. అవసరమైన చోట లైను ఆపించాలని రాసి ఇవ్వండి.
- తీగలను కట్టెతో పైకి ఎత్తి బండిని కింద నుంచి దాటించే పని చేయకండి. ఇనుప జెండా కర్రలు, లైట్ల స్టాండ్లు తీగల కింద లేపకండి.

ప్రమాదం జరిగితే

దెబ్బ తిన్న మనిషిని చూసి పరుగెత్తడం సహజం. కానీ సరఫరా ఆగనిదే ముట్టుకుంటే ఒక శవం రెండవుతుంది. ఇంటి కరెంటైతే మెయిన్ ఆపండి, అది వీలుకాకపోతే ఎండిన కట్టెతో నెట్టండి. 11 కేవీ అయితే ఎండిన కట్టె కూడా పనికిరాదు. సబ్‌స్టేషన్ లైను ఆపిందని చెప్పేదాకా ఆగాలి.

ఆ తర్వాత 108కి ఫోన్ చేయించండి. ఊపిరి ఆడకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులతో 5 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కండి. నోటితో శ్వాస ఇవ్వడం తెలిస్తే 30 నొక్కులకు రెండు చొప్పున ఇవ్వండి. అంబులెన్సు వచ్చేదాకా ఆపవద్దు. కాలిన చోట చల్లని నీళ్లు పోయండి, పసుపు, పేస్టు, సిరా పూయకండి. మట్టిలో పూడ్చిపెడితే కరెంటు దిగిపోతుందన్నది వట్టి మాట, దానివల్ల విలువైన నిమిషాలు పోతాయి. లేచి మాట్లాడుతున్నా ఆసుపత్రికి తీసుకుపోయి గుండె పరీక్ష చేయించాలి. ట్రాన్స్‌ఫార్మర్ అంటుకుంటే నీళ్లు పోయకండి. దూరంగా ఉండి సబ్‌స్టేషన్‌కు, 101కి చెప్పండి.

మృగశిరకు ముందే

ప్రతి గ్రామ పంచాయతీ, ప్రతి పట్టణ వార్డు ఏటా రోహిణి కార్తెలోనే ఒక పని పెట్టుకోవాలి. లైన్‌మన్, ఇద్దరు ముగ్గురు రైతులు లేదా ఆసాములు, పంచాయతీ కార్యదర్శి కలిసి ఊళ్లోని ప్రతి ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ తిరిగి చూడాలి. బ్రీదర్ రంగు, ఆయిల్ మట్టం, ఫ్యూజుల డబ్బా తలుపు, ఎర్త్ పట్టీ, వాలిన తీగ, కొమ్మలు అన్నీ నంబరు వారీగా రాసి ఏఈ కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోవాలి. మృగశిర వానలు పడేలోపు ఏది సరిచేశారో, ఏది మిగిలిందో గ్రామసభలో చదివి వినిపించాలి.

ఎన్పీడీసీఎల్, సెస్ కూడా తమ వంతు తీర్చాలి. తగినంత మంది లైన్‌మన్లు లేక, మంచి గ్లవ్స్ లేక, ఫ్యూజు వేసేవాళ్లు వేళకు రాక రైతు గద్దె ఎక్కితే ఆ తప్పు రైతుదొక్కటే కాదు. పరికరాన్ని కనిపెట్టి చూసే ఊరు, పిలిస్తే పలికే సంస్థ, ఎల్‌సీ లేనిదే స్తంభం ఎక్కని లైన్‌మన్, ఈ మూడూ కలిసిన చోట ట్రాన్స్‌ఫార్మర్లూ నిలుస్తాయి, మనుషులూ ఇంటికి చేరతారు.